గడియారంలో ఆరు దగ్గర మొదలైన నీడ

డాక్టరమ్మ చెబుతుంటే ఆ వాక్యాన్ని నేనే రాశాను.

"రోగికి చూపున్నది ఈ ఒక్క కన్నుకేనని మాకు తెలుసు. ఆపరేషన్ చేసినా చూపు రాకపోవచ్చు, ఇప్పుడున్న కొద్దిపాటి చూపు కూడా పోవచ్చు అని మాకు వివరంగా చెప్పారు. అర్థమైంది. ఒప్పుకుంటున్నాం."

అచ్చువేసిన అంగీకార పత్రం నాలుగు పేజీలు అప్పటికే ఉంది. దాని చివర ఖాళీలో ఈ మాటలు మాత్రం ఇంటివాళ్లలో ఒకరు సొంత దస్తూరీతో రాయాలి. రెండు కళ్లూ ఉన్నవాళ్ల దగ్గర ఇది రాయించుకోరట. మా బావ ఫైలు మీద ఒక ఎర్రచుక్క కాగితం కూడా అంటించారు. ఆ ఉదయం బల్ల మీద ఉన్న ఫైళ్లలో అట్లాంటి చుక్క ఉన్నవి రెండే.

ముప్పై ఏళ్లకు పైగా పత్రికలో పనిచేశాను. ఎండిన వేరుశనగ చేల గురించి, బోరుబావుల గురించి, బస్సు ప్రమాదాల గురించి వేల వాక్యాలు రాశాను. ఏదీ నా చేతిని ఇంతసేపు ఆపలేదు. 'పోవచ్చు' అనే మాట దగ్గర పెన్ను నిలబడిపోయింది. అలవాటు కొద్దీ అడిగాను.

"పోవచ్చు అంటే, ఎంతమందికి పోతుంది మేడమ్?"

ఆమెది కోలారు వైపు ఊరు. తెలుగు బాగా వచ్చు. నా ముఖం వంక చూసి, "లెక్క చెప్పొచ్చు సార్. అది నూరుమంది లెక్క. ఈయనకు ఉండేది ఒక కన్ను. వస్తే వస్తుంది, పోతే మొత్తం పోతుంది. రాయండి," అంది.

రాశాను. కింద బావ సంతకం పెట్టాలి. చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా అక్క వెనక నిలబడి కుర్చీ పిడి పట్టుకుని ఉంది.

"యాడ పెట్టాల?" అన్నాడు బావ.

వేలు పట్టుకుని కాగితం మీద చోటు చూపించాను. పెన్ను ఇచ్చాను. ఆయన తలను ఒక పక్కకు వంచి, కాగితాన్ని కంటికి ఆనించేంత దగ్గరకు లాక్కుని పెట్టాడు. సంతకం చోటు తప్పి, నేను రాసిన వాక్యం మీదుగా పోయింది. డాక్టరమ్మ కాగితం తీసుకుని ఫైల్లో పెట్టి, "మొదటి కేసు మీదే," అని లోపలికి వెళ్లింది.

"సరిగా పడిందా?" అని బావ నన్ను అడిగాడు.

"పడింది," అన్నాను.

అది బెంగళూరులో ఒక కంటి ఆసుపత్రి, సోమవారం ఉదయం. అంతకు ముందు సోమవారం నుంచి జరిగినదంతా చెప్పాలి. అందులో నా భాగం కూడా ఉంది.

మా బావ ధర్మవరంలో పట్టు నేస్తాడు. మా అక్కను ఆయనకు ఇచ్చినప్పుడు నాకు పదమూడేళ్లు. ఎడమ కన్ను అప్పటికే లేదు. చిన్నప్పుడు వాళ్ల నాయన మగ్గం పక్కన కూర్చుని నూలు చుట్టిన కండెలు అందిస్తుంటే, పక్క మగ్గం మీద నుంచి నాడె ఎగిరి వచ్చి తగిలింది. నాడె అంటే అడ్డంగా పడే పేక నూలును ఈ అంచు నుంచి ఆ అంచుకు మోసుకుపోయే చెక్కపడవ. దాని రెండు కొనలకూ ఇనుప ములుకులు ఉంటాయి. ఆ ములుకు నేరుగా కంట్లో తగిలింది. పెళ్లిచూపుల్లో మా నాయన ఆ సంగతి ఎత్తితే, ఆయన తండ్రి, "ఒంటికన్నోడు మగ్గం మీద నుంచి సూపు పక్కకు తిప్పడప్పా, మీకే మంచిది," అన్నాడట. ఆ మాట మా ఇంట్లో చాలా ఏళ్లు నవ్వుకునేందుకు పనికివచ్చింది.

మిగిలిన కుడికన్నుకు మొదటి నుంచీ దూరపుచూపు తక్కువ. సీసా అడుగంత మందం అద్దాలు. దగ్గరిది మాత్రం మాకెవరికీ కనిపించనంత బాగా కనిపించేది. తల వెంట్రుక కంటే సన్నటి పోగు తెగితే, ఏ వరుసలో ఎన్నోదో చెప్పేవాడు. ఆ ఒక్క కంటితో నలభై ఏళ్లు నేశాడు.

ఇక ఆ పనిలో ఒక నియమం ఉంది. చీర మొదలుపెట్టిన చెయ్యే చీర ముగించాలి. ఒక్కొక్కరి దెబ్బ ఒక్కో రకం. పేకను దగ్గరికి తట్టే బరువు మనిషికీ మనిషికీ మారుతుంది. మధ్యలో వేరేవాళ్లు కూర్చుంటే, వాళ్లు ఎంత పనిమంతులైనా, చెయ్యి మారిన చోట చీర మీద అడ్డంగా ఒక గీత పడుతుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే షావుకారు కనిపెడతాడు. "చెయ్యి మారిన చీర తానే చెప్పేస్తాది," అంటారు మా వాళ్లు. జ్వరం వచ్చినా, ఇంట్లో మనిషి పోయినా మగ్గాన్ని అట్లాగే గుడ్డ కప్పి వదిలేస్తారు తప్ప చీర మధ్యలో ఇంకొకరిని కూర్చోబెట్టరు. మా బావ ఇందులో మరీ పట్టుదల మనిషి. తన చీరకు ఎప్పుడూ గీత పడలేదని ఆయన గొప్ప.

ఆ సోమవారం మగ్గం మీద ఉన్నది గోరంట్ల వాళ్ల పెళ్లి చీర. చీర ఒళ్లంతా అయిపోయింది. కొంగు రెండు మూరలు మిగిలి ఉంది.

మధ్యాహ్నం ఆయన నాకు ఫోన్ చేశాడు. నేను అనంతపురంలో ఉన్నాను. మామూలుగా ఫోన్ చేసేది అక్కే. బావ చేశాడంటేనే నేను జాగ్రత్తగా వినాల్సింది.

"ఏమప్పా, బామ్మర్దీ, పనిలో ఉండావా?"

"చెప్పు బావా."

"ఏం లేదులే. కంట్లో నిప్పురవ్వలు ఎగిరినట్లు అయితాంది. పక్కన ఎవరో అగ్గిపుల్ల గీసినట్లు. నిన్న రెండుసార్లు. ఈ పొద్దు నల్ల నలుసులు. దోమలు అనుకోని కొడితిని. దోమల్యా, ఏమీ ల్యా."

"నొప్పి ఉందా?"

"నొప్పి యాడిది. నొప్పేమీ ల్యాదు."

నొప్పి లేదన్న మాట విని నాకు ధైర్యం వచ్చింది. అంతకంటే పెద్ద తప్పు ఆ రోజు ఇంకేదీ లేదు. నా ముందు టేబుల్ మీద ఒక చిన్న వార్త కాగితం ఉంది. వచ్చే ఆదివారం కొత్తచెరువులో ఉచిత కంటి వైద్య శిబిరం. అట్లాంటి వార్తలు నా ఉద్యోగంలో ఎన్ని రాశానో లెక్కలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఆధ్వర్యంలో, ఏ కార్డులు తెచ్చుకోవాలి. అన్నిటిలోనూ శుక్లాలే. అన్ని వార్తలు రాసినందువల్ల, కంటి గురించి నాకు తెలుసు అనుకున్నాను.

"యాభై ఐదు దాటినాయి గదా బావా, శుక్లం మొదలవుతా ఉంటుంది. ఆదివారం కొత్తచెరువులో క్యాంపు ఉంది. నేనే తీసుకుపోతాను. తొందరేమీ లేదు."

"తొందరేమీ ల్యాదంటావు?"

"లేదు. శుక్లం ఎక్కడికి పోతుంది?"

"అయితే మంచిదేలే. అంతలోపల కొంగు అయిపోతాది," అన్నాడు. గొంతులో తేలిక వినిపించింది. ఆయన నన్ను అడిగింది వైద్యం గురించి కాదని, చీర ముగించేదాకా ఆగవచ్చా అని మాత్రమేనని నాకు తరువాత అర్థమైంది. ఆగవచ్చని నేను చెప్పాను.

ఆ వారం ఆయనకు ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలో మంచం మీద బోర్లా పడుకుని, తలగడలోకి మాట్లాడుతూ నాకు చెప్పాడు. అప్పుడు విన్నది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పడుకునే మగ్గం ఇంట్లోనే పక్కగోడకు ఒక గడియారం ఉంది. తెల్లటి ముఖం, పెద్ద నల్ల అంకెలు, మధ్యలో రెండు ముళ్లూ కలిసే చోట ఇత్తడి బొట్టు. మంగళవారం పొద్దున ఆయన టీ తాగుతూ ఆ ఇత్తడి బొట్టు వంక చూస్తుంటే, కింద ఆరు లేదు. అంకె చెరిగిపోలేదు. అక్కడ ఏదో నల్లటిది అడ్డంగా ఉంది. అద్దాలు తుడుచుకున్నాడు. ముఖం కడుక్కున్నాడు. ఆరు రాలేదు.

బుధవారం అయిదు, ఏడు పోయాయి.

"గుంటలో నీళ్లు ఊరినట్లు ఉండాది బామ్మర్దీ," అన్నాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకునే కదా నేసేది. చీర మీదికి వంగితే ఒడి దగ్గర నుంచి నల్లనీళ్లు పైకి వస్తున్నట్టు కనిపించేదట. ఈ మట్టిలో ఆరువందల అడుగులు తవ్వితే గానీ తడి తగలదు. గుంటలో నీళ్లు ఎట్లా వస్తాయి? ఆ మాట తనకు తాను చెప్పుకుంటూనే, ఒకసారి భయం ఆగక రెండు కాళ్లూ గుంటలో నుంచి పైకి తీసేసుకున్నాడట. అరికాళ్లు తడిమి చూసుకున్నాడు. పొడిగా ఉన్నాయి. మళ్లీ లోపల పెట్టి నేశాడు.

గురువారం నాలుగు, ఎనిమిది.

"అక్కతో చెప్పొచ్చు గదా బావా."

"చెప్తే లేపేస్తాది మగ్గం మీద నుంచి. మీ అక్క సంగతి నీకు తెలీదా? పైగా నువ్వే ఆదివారం అంటివి."

శుక్రవారం సాయంత్రానికి మూడూ, తొమ్మిదీ మసకబారాయి. ఇత్తడి బొట్టు మాత్రం ఉంది. అది ఉన్నంతసేపూ పని జరుగుతుందని లెక్క వేసుకున్నాడు. చూసే చోటు బాగుంటే చాలు, చుట్టూ పోతే పోనీ అనుకున్నాడు. రోజూ నిద్ర లేవగానే కళ్లు తెరవడానికి భయపడేవాడట. మూసుకునే గడియారం వైపు తిరిగి, కాసేపు కూర్చుని, అప్పుడు తెరిచేవాడు.

శనివారం తెరిచినప్పుడు బొట్టు లేదు. పైన పన్నెండు, పక్కన పదకొండు, ఒకటి. అవి కూడా అద్దం మీద నీళ్లు జారినట్టు వంకర్లు పోతున్నాయి.

అయినా మగ్గం మీద కూర్చున్నాడు. చేతులకు చీర తెలుసు అనుకున్నాడు. జానెడు నేశాడు. కండెలు చుడుతున్న మా అక్క చీర వంక చూసి లేచి నిలబడింది. నిలువు పోగుల పడుగులో ఒకటి తెగి ఉంది. తెగిన చోటు నుంచి జానెడు పొడవునా చీరలో సన్నటి చీలిక. నలభై ఏళ్లలో ఆయన తెగిన పోగు మీదుగా ఒక్క దెబ్బ కూడా వేయలేదు.

"పోగు తెగింటే సూల్యాదా?" అని అడిగింది అక్క.

ఆయన తల ఎత్తి, ఆమె ముఖానికి బెత్తెడు పక్కగా చూస్తూ, "యాడ?" అన్నాడట.

ఆమె ఆ 'యాడ' గురించి నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా బావ చూసినట్టే బెత్తెడు పక్కకు చూసి చూపించేది.

పది గంటలకు అక్క ఫోన్. పన్నెండుకు నేను ధర్మవరంలో ఉన్నాను. బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడు విని, "పేపరాయన వచ్చినాడే," అని నవ్వాడు. అక్క నవ్వలేదు.

ఆ రోజే బయలుదేరాల్సింది. ఎదురుగా మనిషిని పెట్టుకుని కూడా నేను అనుకున్నదేమిటంటే, శుక్లం ముదిరింది, రేపే కదా క్యాంపు, పెద్ద డాక్టర్లు వస్తారు, అనంతపురంలో శనివారం మధ్యాహ్నం ఎవరు దొరుకుతారు అని. "రేపు పొద్దున మొదటి టోకెన్ మనదే," అన్నాను. నిర్వాహకులు నాకు తెలిసినవాళ్లు. ఆ తెలిసినతనమే ఇంకొక రోజు తినేసింది.

ఆదివారం కొత్తచెరువు బడి ఆవరణలో షామియానా కింద రెండు వందల మందికి పైగా ఉన్నారు. ఎక్కువమంది ముసలివాళ్లు. మెడలో అట్టముక్క మీద నంబర్లు. మాది నిజంగానే మొదటి టోకెన్. పరీక్ష చేసే అమ్మాయి పాతికేళ్లది. బావ కంట్లో మందు చుక్కలు వేసి, కొంతసేపు ఆగి, నుదుటికి లైటు కట్టుకుని వంగింది. మొదట ఏదో మాట్లాడుతూనే ఉంది. "పైకి చూడు తాతా, కిందికి చూడు..." తరువాత మాట ఆగిపోయింది. ఆమె అట్లా చాలాసేపు చూసింది.

"రెండో కన్ను?" అని నన్ను అడిగింది.

"అది చిన్నప్పుడే పోయింది."

"దాన్నేమి సూచ్చావులే తల్లీ, అది సచ్చి యాభై ఏండ్లాయ," అన్నాడు బావ.

ఆ అమ్మాయి లైటు ఆర్పేసింది. నన్ను పక్కకు పిలవలేదు. బావకే చెప్పింది. "తాతా, ఇది శుక్లం కాదు. కంటి లోపల వెనకగోడకు ఒక తెర ఉంటాది. మనకు బొమ్మ పడేది దాని మీదే. అది ఊడిపోయింది. ఇక్కడ చేసేది కాదు. ఈ రోజే బెంగళూరు పోవాల. ఇప్పుడే." తరువాత నా వైపు తిరిగి, "ఎన్ని రోజులైంది సార్?" అంది.

"సోమవారం నుంచి," అన్నాను.

"సోమవారమే తెలిసిందా?" అంది. ఆమె గొంతులో తప్పు పట్టడం ఏమీ లేదు. మామూలు ప్రశ్న. నాకంటే ముందు అక్క చెప్పింది. "తెలిసింది తల్లీ. ఈయప్ప పేపర్లో పని చేస్తాడు. ఊరందరికీ ముందు తెలిసేది ఈయప్పకే."

కారు మాట్లాడాను. వెనక సీట్లో బావను వెల్లకిలా పడుకోబెట్టి, అక్క తన ఒడిలో తల పెట్టుకుంది. తల కదలకూడదు, కుదుపు తగలకూడదు అని ఆ అమ్మాయి చెప్పి పంపింది. పెనుకొండ దగ్గర పెద్దరోడ్డు ఎక్కేదాకా ప్రతి గుంత దగ్గరా నెమ్మదిగా పోనివ్వమని డ్రైవరుకు చెబుతూనే ఉన్నాను. నేను ముందు కూర్చుని రోడ్డునే చూస్తున్నాను. బావ అప్పుడప్పుడు, "ఇప్పుడు యాడుండాం?" అని అడిగేవాడు. ఊరి పేరు చెబితే ఊఁ అనేవాడు. లేపాక్షి దారి చీలే చోట ఆ పేరు చెబితే, "మన పెండ్లయినాక పోయింటిమి గదా, నంది కాడికి," అన్నాడు అక్కతో. కాసేపటికి, "ఆ నంది మెడలో గంటలు ఎట్లుండేవి?" అన్నాడు. అక్క చెప్పసాగింది. ఆమె చెబుతుంటే ఆయన ఇది ఇట్లా కాదు, అది అట్లా అని సరిచేస్తున్నాడు. చూసినవన్నీ ఇప్పటి నుంచే లోపల సర్దుకుంటున్నాడని నాకు తోచింది.  

బెంగళూరులో ఆ సాయంత్రమే పరీక్షలు చేశారు. మరునాడు ఉదయం డాక్టరమ్మ మాకు విడమరిచి చెప్పింది. కంటి లోపల ఉండే జిగురు వయసుతో కుంచించుకుపోయి తెరను లాగింది. దానివల్లే ఆ నిప్పురవ్వలు. లాగినచోట తెర చిరిగింది. చిరుగులో నుంచి నీరు వెనక్కు చేరి, గోడమీద పోస్టరు తడికి ఊడి వచ్చినట్టు, పై నుంచి కిందికి ఊడింది. కంటికి తలకిందులుగా తెలుస్తుంది కాబట్టి, నీడ కింద నుంచి పైకి వచ్చినట్టు అనిపించింది.

"మధ్యభాగం ఎప్పుడు పోయింది?" అని అడిగింది. బావ గడియారం సంగతి చెప్పాడు. ఆమె రాసుకోవడం ఆపి విన్నది. "శుక్రవారం సాయంత్రం బొట్టు కనిపించిందా? ఖాయమా?"

"కనిపించింది తల్లీ."

"శుక్రవారం వచ్చి ఉంటే..." అని ఆగింది. ఆ వాక్యం ఆమె ముగించలేదు. ముగించమని నేను అడగలేదు. అందరినీ అన్నీ అడిగే వృత్తిలో ఇన్నేళ్లున్నవాణ్ణి.

తెరను తిరిగి గోడకు అంటించాక, అది అతుక్కునేదాకా అదిమిపట్టడానికి లోపల గాలి గానీ నూనె గానీ నింపుతారు. గాలి దానంతట అది కరిగిపోతుంది, రెండో ఆపరేషన్ అక్కర్లేదు. అయితే అది ఉన్నన్ని వారాలు ఆ కంటికి ఏమీ కనిపించదు. రెండో కన్ను ఉన్నవాళ్లు దాంతో గడుపుకుంటారు. ఈయనకు అన్ని వారాలూ చీకటే. అందుకని నూనె వేస్తామంది. నూనెలో నుంచి మసకగానైనా కనిపిస్తుంది. అయితే కొన్ని నెలలకు మళ్లీ కన్ను తెరిచి ఆ నూనెను తీయాలి. దీని తరువాతే ఆ కాగితం, ఆ వాక్యం, ఆ సంతకం.

ఆపరేషన్‌కు మత్తు కంటికి మాత్రమే. మనిషికి అన్నీ వినిపిస్తాయి. లోపల వెలుతురు పుల్లలు తిరుగుతున్నట్టు కనిపించిందట. కదలకూడదన్నారు కాబట్టి, ఊపిరి కూడా లెక్కపెట్టుకుని పీల్చానన్నాడు. మేము బయట ఉన్నది రెండున్నర గంటలు. అక్క ఆ రెండున్నర గంటలూ గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే, "నువ్వు కూచో, నీకు తొందరేమీ ల్యాదు గదా," అంది. ఫోన్లో నేను అన్న మాటను బావ ఆమెకు చెప్పాడన్నమాట.

ఆ రోజు మొత్తం కంటికి కట్టు. ఇది మేము ముందుగా ఊహించుకోని సంగతి. మిగతా రోగులు ఒక కంటికి కట్టుతో నడుచుకుంటూ, టీ తాగుతూ, ఫోన్లు చూసుకుంటూ ఉన్నారు. మా బావకు ఆ కట్టుతో లోకం మొత్తం మూసుకుపోయింది. అక్క చీరకొంగు చేతికి చుట్టుకుని వదల్లేదు. ఆమె నీళ్లకు లేచినా కొంగు బిగుసుకునేది. "ఎవరు? ఎవరు పోయింది?" అనేవాడు. గంటకోసారి టైము అడిగాడు. చెబితే నమ్మకుండా అక్కను మళ్లీ అడిగేవాడు. "మేలుకోనుండానా, నిద్ర పోతాండానా తెలీకుండా ఉండాది," అన్నాడు ఒకసారి. 

కొన్ని రోజులు తల కిందికి వంచే ఉంచాలన్నారు. తింటున్నా, కూర్చున్నా, పడుకున్నా ముఖం నేల వైపే. వార్డులో మిగతావాళ్లు మెడలు పట్టేసి మూలుగుతున్నారు. బావ ఒక్క మాట అనలేదు.

"నేతగానికి తల దించమని చెప్పాల్నా?" అంది అక్క నర్సుతో.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన కుర్చీలో తల వంచుకుని కూర్చుని ఉంటే చూశాను. కుడిచెయ్యి తాడు లాగుతున్నట్టు కదులుతోంది. ఎడమచెయ్యి దెబ్బ వేస్తోంది. కింద కాళ్లు ఒకదాని తరువాత ఒకటి తొక్కుతున్నాయి. అక్క కిందికి వంగి ఆ రెండు పాదాలనూ గట్టిగా పట్టుకుంది. అవి ఆగేదాకా వదల్లేదు.

అప్పుడే నేను అనాల్సింది అన్నాను. "సోమవారమే రమ్మని చెప్పాల్సింది బావా."

నేలను చూస్తూనే, "చెప్పింటే వచ్చేవాన్నా? కొంగు మిగిలుండె గదా," అన్నాడు. కాసేపటికి, "ఏమో, వచ్చేవాన్నేమో," అన్నాడు.

ఇది జరిగి అయిదు నెలలు దాటింది. తెర అతుక్కుంది. నీడ పోయింది. ఇంట్లో తడుముకోకుండా తిరుగుతాడు, స్నానానికి తానే వెళతాడు, మనిషిని గొంతు కంటే ముందు ఆకారంతో గుర్తుపడతాడు. గడియారంలో పన్నెండు అంకెలూ ఉన్నాయంటాడు. మధ్యలో ఇత్తడి బొట్టు ఉండాల్సిన చోట మాత్రం ముళ్లు నడుం విరిగినట్టు వంకరగా కనిపిస్తాయి. పడుగు పోగులు కూడా అంతే, తిన్నగా వచ్చి ఆయన చూసే చోటికే వంగిపోతాయి. ఆ చీర మీద గుడ్డ కప్పి ఉంది. గోరంట్ల వాళ్లు వేరేచోట కొనుక్కున్నారు. ఇద్దరు పనివాళ్లు వచ్చి ముగించి ఇస్తామన్నారు. బావ ఒప్పుకోలేదు.

పోయిన నెల మళ్లీ బెంగళూరు వెళ్లాం. కంట్లో ఒత్తిడి పెరుగుతోందని డాక్టరమ్మ చెప్పింది. నూనె అట్లాగే ఉంచితే నరం దెబ్బతిని చూపు పోవచ్చు. తీస్తే తెర మళ్లీ ఊడవచ్చు. ఊడితే ఈసారి అంటుకుంటుందని చెప్పలేనంది. చుక్కల మందు మార్చి రాసి, "మీరు ఆలోచించుకుని చెప్పండి. ఎక్కువ రోజులు తీసుకోవద్దు," అంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అక్క తీయొద్దనే అంది. ఉన్నది ఉండనీ, ఇంట్లో తిరుగుతున్నాడు, అదే చాలు అంది. బావ వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు చెప్పు బామ్మర్దీ. ఆగొచ్చునా?"

ఆ సోమవారం ఫోన్లో అడిగిన గొంతే. నేను కనుక్కుని చెబుతానన్నాను. అప్పటి నుంచి ముగ్గురు డాక్టర్లను అడిగాను. ముగ్గురూ రెండు వైపులా ఉన్న భయాన్ని నాకంటే బాగా చెప్పారు గానీ, ఏ వైపు పోవాలో చెప్పలేదు. బావ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆయనకు నేను ఇంకా ఏమీ చెప్పలేదు. నూనె ఇంకా కంట్లోనే ఉంది.